ఊరికి ఒక ముద్ర కావాలి: గ్రూయేర్ సారసం నుంచి మా చింతచెట్టు దాకా

చింతనీడ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా స్విట్జర్లాండ్‌లో, ఫ్రీబూర్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాను. ఇక్కడికి దగ్గరలోనే ఒక కొండ మీద గ్రూయేర్ అనే ఊరుంది. రాళ్లు పరచిన వీధి, వీధి చివర కోట. జున్ను పేరుగా ఈ మాట చాలామంది వినే ఉంటారు. ఆ ఊళ్లో ఎటు చూసినా ఎర్రటి నేల మీద తెల్లటి కొంగ బొమ్మే: జెండాల మీద, దుకాణాల బోర్డుల మీద, జున్ను పెట్టెల మీద. ఊరి జనాభా రెండు వేల చిల్లర. అంత చిన్న ఊరికి సొంత రాజచిహ్నం! ఇక్కడ ప్రతి ఊరికీ ఒకటి ఉంటుందట.

ఇప్పుడు అసలు విషయం. మాది వరంగల్ వైపు పల్లె. పేరు చెప్పను గానీ అందులో ‘చింత’ ఉంది. పంచాయతీ వాళ్లు ఊరి మొదట్లో కొత్త స్వాగత తోరణం కట్టిస్తున్నారు. మా చుట్టుపక్కల చాలా ఊళ్లలో కాకతీయ తోరణం నమూనానే కట్టేశారు. మన ఊరికి మనదైన గుర్తు ఉండాలని, గీసి పంపమని మా కుర్రాళ్లు నన్ను అడిగారు. ఒకటి గీశాను. డాలు ఆకారం, లోపల నాలుగు గళ్లు: గుడి గోపురం, గడీ (పాత దొరల కోట లాంటి ఇల్లు) దర్వాజా, చెరువు, వరికంకి. డాలు మీద నాలుగు సింహాలు, కింద చింతకొమ్మ.

నా ప్రశ్నలు మూడు. గ్రూయేర్ వాళ్లు కొంగనే ఎందుకు ఎంచుకున్నారు? ఎరుపు, తెలుపు రంగులకు అర్థం ఉందా? నా బొమ్మ ఎలా ఉంది?

తామ్రశాసనం (శనివారం, రాత్రి 11:05)

చింతనీడ గారూ, మొదట ఒక సవరణ. అది కొంగ కాదు, సారసం. మన పాత తెలుగులో బెగ్గురు. ఫ్రెంచిలో సారసాన్ని ‘గ్రూ’ అంటారు. ఊరి పేరు గ్రూయేర్. మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఆ బొమ్మ చేస్తున్న పని ఊరి పేరు పలకడం. చదువు రానివాడు కూడా జెండా చూసి “ఇది గ్రూయేర్ వాళ్లది” అనగలిగేవాడు. ఐరోపా చిహ్నాల్లో ఇదొక పెద్ద తెగ. జర్మన్‌లో ఎలుగుబంటిని ‘బేర్’ అంటారు, అందుకే బెర్న్ నగరానికి ఎలుగుబంటి, బెర్లిన్‌కూ ఎలుగుబంటి. బెర్లిన్ పేరు చిత్తడి నేలను చెప్పే పాత స్లావు మాట నుంచి వచ్చిందని భాషావేత్తలు అంటారు. అయినా ఎలుగుబంటి పోలేదు. ఇటువంటి చిహ్నాలు వ్యుత్పత్తిని పట్టించుకోవు, చెవికి ఏది వినబడితే దాన్ని పట్టుకుంటాయి.

సారసం గురించి ఇంకో కథ చెప్తారు. రాత్రి కాపలా ఉండే సారసం ఒక కాలు ఎత్తి అందులో రాయి పట్టుకుంటుందట. కునుకు పడితే రాయి జారి మెలకువ వస్తుంది. రోమన్ల కాలం నాటి నమ్మకం ఇది. అందుకే చాలా చిహ్నాల్లో సారసం అంటే జాగరూకత. కానీ ఆ అర్థాన్ని గ్రూయేర్ మీద రుద్దకండి. ఇక్కడ పక్షిని తెచ్చింది పేరు.

ఇది మొదట ఊరి చిహ్నం కూడా కాదు, ఆ కోటలో ఉన్న ప్రభువులది. వాళ్లలో చివరివాడు మిషెల్. అప్పుల్లో మునిగి 1554లో దివాలా తీశాడు. మరుసటి ఏడు అతని భూములను బెర్న్, ఫ్రీబూర్ పంచుకున్నాయి. ప్రభువు పోయాడు, పక్షి ఉండిపోయింది. బెర్న్ వాటాకు వెళ్లిన సానెన్ అనే ఊరి చిహ్నంలోనూ నేటికీ సారసమే ఉంది. ఆ ఊళ్లు ఇప్పుడు వేరు రాష్ట్రాల్లో ఉన్నాయి, వేరు భాషలు మాట్లాడతాయి. ఒకనాడు ఒకే ఏలుబడిలో ఉన్న సంగతి ఆ పక్షి వల్లే తెలుస్తుంది.

రంగులపెట్టె (ఆదివారం, ఉదయం 7:15)

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. మా నాన్నగారు నలభై ఏళ్లు బోర్డులు రాశారు, నేను ఇప్పుడు కంప్యూటర్ మీద అదే పని చేస్తున్నాను.

ఎరుపు అంటే శౌర్యం, తెలుపు అంటే శాంతి, నీలం అంటే విశ్వాసం... ఈ పట్టికలు తర్వాతి రచయితలు అల్లినవి. చిహ్నాల శాస్త్రంలో రంగులకు అలాంటి స్థిరమైన అర్థాలు లేవు. ఉన్నది ఒక్క గట్టి నియమం. రంగులను రెండు గుంపులు చేశారు. బంగారం, వెండి (అంటే పసుపు, తెలుపు) లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా వర్ణాలు. లోహం మీద లోహం పెట్టకూడదు, వర్ణం మీద వర్ణం పెట్టకూడదు. ఎర్ర నేల మీద తెల్ల పక్షి నిలిచింది అందుకే. ఎర్ర నేల మీద నల్ల పక్షి అయితే వంద గజాల దూరంలో మరక మాత్రమే కనిపిస్తుంది.

ఇనుప టోపీలో ముఖం దాగిన మనిషిని దుమ్ములో, దూరం నుంచి గుర్తుపట్టాల్సిన అవసరం నుంచి పుట్టిన నియమం ఇది. మా నాన్నగారికి ఈ శాస్త్రం పేరు కూడా తెలియదు. అయినా “పసుపు మీద తెలుపు రాస్తే దుకాణం మూసుకోవడమే” అనేవారు. రైల్వే స్టేషన్ల పేరు బోర్డులు చూడండి, పసుపు మీద నలుపు ఎంత దూరం నుంచి చదవగలమో.

ఇక మీ బొమ్మ. మీ శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ అందులో ఆరు వస్తువులున్నాయి. బస్సు కిటికీలోంచి చూసేవాడికి ఒక్కటీ అందదు. గ్రూయేర్ వాళ్లు ఒక్క పక్షితో సరిపెట్టుకున్నారు, ఎన్ని వందల ఏళ్లు నిలిచిందో మీరే చూస్తున్నారు. ఒక్కటి ఎంచుకోండి. మరీ తప్పకపోతే రెండు.

చింతనీడ (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

ఇద్దరికీ ధన్యవాదాలు. సారసమని తెలిశాక ఈ రోజు మళ్లీ వెళ్లి చూశాను. జెండా మీద పక్షి ఒకలా ఉంది, ఒక దుకాణం బోర్డు మీద ఇంకోలా, జున్ను పెట్టె మీద మరోలా. రెక్కలు, తోక, కాళ్ల తీరు అన్నీ తేడాయే. వీటిలో సరైన బొమ్మ ఏది?

తామ్రశాసనం (ఆదివారం, సాయంత్రం 6:20)

అన్నీ సరైనవే. ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే. చిహ్నానికి మూలం బొమ్మలో ఉండదు, ఒక వాక్యంలో ఉంటుంది. “ఎర్రని నేల మీద వెండి సారసం”. అంతే. ఆ వాక్యం తప్పకుండా ఎవరు ఏ శైలిలో గీసినా అది గ్రూయేర్ చిహ్నమే.

మనకు ఇది కొత్తగా అనిపించకూడదు. మన శిల్పులకు ధ్యానశ్లోకం ఉంది కదా! “శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం”. బట్ట రంగు, మేని రంగు, చేతుల లెక్క చెప్పి శ్లోకం ఊరుకుంటుంది. ముక్కు ఎంత కోటేరుగా ఉండాలో, వస్త్రం మడతలు ఎలా పడాలో శిల్పి ఇష్టం. శ్లోకం ఒక్కటే, విగ్రహాలు వేలు.

మీరు ‘రాజచిహ్నం’ అన్నారు. మన పాత మాట ‘లాంఛనం’. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు అని పత్రికల్లో చదువుతాం, ఆడపడుచు లాంఛనాలని పెళ్లిళ్లలో వింటాం. మాట బతికే ఉంది, దాని వెనకున్న ముద్రనే మరచిపోయాం. వేంగి చాళుక్యుల రాగి శాసనాలు తీసుకోండి. ఏ ఊరినైనా దానమిస్తే రేకుల మీద రాయించి, పక్కన రంధ్రం వేసి కడియంతో కలిపి, ఆ కడియం మీద గుండ్రని ముద్ర దిగ్గొట్టేవారు. ముద్ర మీద వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, కింద తామరపువ్వు, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే బిరుదు. శాసనం మొదట్లోనే ఆ వరాహం ఎక్కడిదో చెప్పుకుంటారు: “భగవన్నారాయణ ప్రసాద సమాసాదిత వరవరాహ లాంఛన”. అంటే నారాయణుడి దయతో దొరికిన వరాహ లాంఛనం, దాన్ని చూసిన క్షణంలోనే శత్రువులు లొంగిపోతారట. కాకతీయులదీ వరాహమే, విజయనగర రాజులదీ వరాహమే. ఆ బొమ్మ ఉన్న బంగారు నాణేన్ని జనం వరహా అన్నారు. గ్రూయేర్‌లో పేరు నుంచి బొమ్మ పుట్టింది, ఇక్కడ బొమ్మ నుంచి పేరు పుట్టింది.

సూర్యచంద్రుల సంగతి కూడా చెప్పాలి. మన పల్లెల్లో దానశాసనాల రాళ్ల నెత్తిన చెక్కి ఉండే ఆ రెండూ అలంకారం కాదు. ‘ఆచంద్రార్కం’ అనే మాటకు బొమ్మ. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుందని చదువు రానివాడికి కూడా తెలియాలి.

కానీ ఒక తేడా గమనించండి. ఆ రేకుల మీద ఊరి పేరుంది, ఊరి పొలిమేరలున్నాయి, ముద్ర మాత్రం రాజుది. తెలుగు నేల మీద ఊరికి ఊరుగా సొంత ముద్ర ఉన్నట్టు నేను చదివిన శాసనాల్లో ఎక్కడా కనబడలేదు. మీరు చేస్తున్న పని అందుకే నాకు ముఖ్యంగా తోస్తోంది.

డాలు ఆకారం దగ్గర కూడా ఒక్క క్షణం ఆగండి. అది మనది కాదు. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు మన సంస్థానాధీశులకు ఐరోపా పద్ధతిలో చిహ్నాలు గీసి జెండాల మీద కుట్టించి ఇచ్చారు. గీసినవాడు బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ టేలర్. మన తలలో చిహ్నం అనగానే డాలు మెదలడం అక్కడి నుంచి వచ్చిన అలవాటే. చాళుక్య ముద్రలా గుండ్రంగా గీస్తే తప్పేముంది?

ధ్రువతార (సోమవారం, ఉదయం 10:50)

నేను ఫిన్లాండ్‌లో ఉంటాను. ఇక్కడ ఉత్తరాన ఇనారి అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద మున్సిపాలిటీ, జనం మాత్రం సుమారు ఏడు వేలే. దాని చిహ్నం మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నల్లటి నేల మీద వెండి చేప, ఆ చేప తలకు బంగారు రెయిన్‌డీర్ కొమ్ములు! ప్రకృతిలో లేని జీవి. కానీ ఆ ఊరివాళ్లకు చెప్పాల్సిన అవసరం లేదు. పెద్ద సరస్సులో చేపలు పట్టడం, రెయిన్‌డీర్లను మేపడం, ఇవే అక్కడి సామీ ప్రజల బతుకు. రెండు పనుల్నీ రెండు గళ్లలో విడివిడిగా గీయకుండా ఒకే శరీరంలో కలిపేశారు.

ఫిన్లాండ్ పల్లెలకు ఈ చిహ్నాలు రాజుల నుంచి రాలేదు. 1949లో చట్టం చేసి, ఆ తర్వాత ఊరూరికీ కొత్తగా గీయించారు. కాబట్టి మీది కొత్తదని చిన్నబుచ్చుకోకండి.

పాతఫైలు (సోమవారం, రాత్రి 8:00)

పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి విరమణ పొందాను. నాలుగు సింహాలు వెంటనే తీసేయండి. అది భారత ప్రభుత్వ అధికార చిహ్నం. 2005లో చేసిన చట్టం ప్రకారం అనుమతి లేనివాళ్లు వాడకూడదు. స్వాగత తోరణాల మీద చాలా చోట్ల కనిపిస్తుంది నిజమే, కనిపించినంత మాత్రాన అది ఒప్పు కాదు.

ఇంకొకటి. బొమ్మ ఎంత బాగున్నా గ్రామసభలో పెట్టి, తీర్మానం రాయించి, సంతకాలు తీసుకోండి. నలుగురు కుర్రాళ్లు, ఒక సర్పంచి కలిసి తేల్చిన గుర్తు వచ్చే ఎన్నికల దాకానే ఉంటుంది.

వాడకట్టు (మంగళవారం, రాత్రి 11:45)

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

చింతనీడ గారూ, మీ ఊరు ఏదో నాకు తెలియదు. మాదీ వరంగల్ వైపే. మా ఊళ్లోనూ గడీ ఉంది. మా తాత ఆ గడీలో వెట్టి చేశాడు. దర్వాజా దగ్గరికి రాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు, తలపాగా తీసి చంకలో పెట్టుకునేవాడు. కూలి ఇచ్చేవారు కాదు. కళ్లంలో వడ్ల కుప్ప పోస్తే దాని మీద కొయ్య ముద్ర వేసేవారని, ఆ ముద్ర చెదిరితే కాపలా ఉన్నవాడి వీపు చెదిరేదని చెప్పేవాడు. ముద్ర అనే మాట మా ఇంట్లో అలా వినబడింది.

మీరు గడీ దర్వాజాను ఊరి గుర్తుగా పెట్టారు. మీకు అందులో పాత కట్టడం, చెక్కపని అందం కనబడి ఉంటాయి. మా వాడలో వాళ్లకు ఏం కనబడుతుందో ఎవరైనా అడిగారా? ఊరి చిహ్నం అంటే ఊరు మాత్రమేనా, వాడ కూడానా?

కోటగుమ్మం (బుధవారం, ఉదయం 6:30)

వాడకట్టు గారి బాధను కాదనను. అయినా నా మాట చెప్పాలి. మన పల్లెల్లో రెండు మూడు వందల ఏళ్లు నిలిచిన కట్టడం అంటే గుడి, లేకపోతే గడీ. రెండోది ఇప్పటికే చాలా ఊళ్లలో కూలిపోతోంది. చెడు జరిగిందని గుర్తులన్నీ తుడిచేస్తే రేపటి పిల్లలకు ఆ వెట్టి సంగతి మాత్రం ఎలా తెలుస్తుంది? గ్రూయేర్ ప్రభువులు కూడా తమ రైతుల్ని పీడించే ఉంటారు, అయినా ఆ ఊరివాళ్లు వాళ్ల పక్షిని దాచుకోలేదా?

మంచుదారి (బుధవారం, రాత్రి 9:10)

నేనుండే చోటికి దగ్గరగా, న్యూయార్క్ రాష్ట్రంలో, వైట్స్‌బరో అనే గ్రామం ఉంది. మీ వాదన చదువుతుంటే ఆ గ్రామ ముద్రే గుర్తొచ్చింది.

ఆ ప్రాంతానికి 1784లో హ్యూ వైట్ అనే అతను వలస వచ్చి స్థిరపడ్డాడు. ఊరికి ఆయన పేరే. అక్కడి మూలవాసులైన ఒనైడా జాతి నాయకుడు ఒకరు ఆయనతో కుస్తీ పట్టాడని, వైట్ గెలిచాక ఇద్దరికీ స్నేహం కుదిరిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ముద్ర మీద ఆ కుస్తీని గీశారు. చూసినవాళ్లకు మాత్రం తెల్లవాడు మూలవాసి గొంతు నులుముతున్నట్టు కనబడుతుంది. అభ్యంతరాలు రాగా 1970లలో చేతులను కాస్త భుజాల వైపు జరిపి మళ్లీ గీశారు. అయినా చూపుకు తేడా రాలేదు.

2016 జనవరిలో ఊరివాళ్లను ఓటు అడిగారు. 212 మంది ఓటేస్తే 157 మంది పాత ముద్రే ఉండాలన్నారు. దేశమంతా టీవీల్లో చర్చ జరిగింది. కొద్ది రోజుల్లోనే మార్పుకు ఒప్పుకున్నారు, 2017లో కొత్తగా గీసిన ముద్ర వచ్చింది. అందులోనూ కుస్తీయే, చేతులు మాత్రం మెడ దగ్గర లేవు.

ఆ 157 మందిలో చాలామందికి అది నిజంగానే స్నేహపు కథ అయి ఉంటుంది. చిన్నప్పటి నుంచి అలాగే విన్నారు. బొమ్మ పక్కన ఆ కథ చెప్పేవాడు నిలబడడు కదా. కింద పడుతున్న మనిషి జాతివాళ్లు ఆ బొమ్మను చూసినప్పుడు ఏ కథ చదువుతారు? గడీ దర్వాజా విషయంలో వాడకట్టు గారు అడిగినదీ అదే అనుకుంటాను.

తామ్రశాసనం (గురువారం, ఉదయం 7:40)

కోటగుమ్మం గారూ, మీరు అడిగిన పక్షి సంగతికి జవాబు చెప్తాను. సారసం ప్రభువుదే. కానీ బొమ్మగా అది ఒక పక్షి, ఎవరి తలా వంచలేదు. ప్రభువు దివాలా తీసి పోయాక జనం దాన్ని సొంతం చేసుకోగలిగారు. దర్వాజా అలా కాదు. అది తల వంచించడానికే కట్టిన వస్తువు. గడీని కూల్చమని నేనూ అనను. లోపల ఒక పలక పెట్టి వెట్టి చరిత్ర రాయించండి, బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. చరిత్రగా దాచుకోవలసినది వేరు, గుర్తుగా నెత్తిన ఎత్తుకోవలసినది వేరు.

స్విట్జర్లాండ్ ఊళ్లన్నిటికీ పాత ప్రభువుల చిహ్నాలే ఉన్నాయని కూడా అనుకోవద్దు. 1939లో జ్యూరిక్‌లో జరిగిన జాతీయ ప్రదర్శనలో సుమారు మూడు వేల ఊళ్ల జెండాలు ఒకే బాట మీద వరసగా కట్టారు. చిహ్నం లేని ఊళ్లు కొత్తగా కల్పించుకోవలసి వచ్చింది. వాటిలో ఎన్నో ఇంకా వందేళ్లయినా నిండనివి.

తిండి కూడా చిహ్నం కావచ్చు. ఆసఫ్‌జాహీల జెండా నడుమ గుండ్రంగా కనిపించేది కుల్చా రొట్టె అని హైదరాబాదులో కథ చెప్తారు. మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు కుల్చాలు పెట్టాడని, ఏడు తిన్నందుకు ఏడు తరాల ఏలుబడి దీవించాడని. కథ సంగతి ఎలా ఉన్నా, సింహాన్నీ ఏనుగునూ వదిలి రొట్టెను తలచుకోవడం నాకు ఇష్టం.

చింతనీడ (శుక్రవారం, రాత్రి 10:15)

రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. వాడకట్టు గారూ, మీ మాట చదివాక నా బొమ్మ తీసి మళ్లీ చూసుకున్నాను. గడీ దర్వాజా మీద ఏనుగుల చెక్కడం నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం. ఆ దర్వాజా ముందు ఎవరు చెప్పులు విప్పారో నేను ఎన్నడూ అడగలేదు. నన్ను మన్నించండి. అది తీసేశాను. సింహాలు తీసేశాను. గోపురం కూడా తీసేశాను, ఎందుకంటే ఆ గుడిలోకి అందరూ వెళ్లగలిగిన రోజులు మా నాన్న తరం నుంచే మొదలయ్యాయి.

ఈ రోజు మా నాయనమ్మతో ఫోనులో మాట్లాడాను. “ఊరికి గుర్తు అంటే బొడ్రాయే కదా” అంది. నిజమే, ఊరి నడిబొడ్డున పాతిన రాయి ఉండగా వేరే గుర్తు ఎందుకు అనిపించింది. బొడ్రాయి పండుగ చేసినప్పుడు పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. కానీ బొమ్మగా గీస్తే అది అన్ని ఊళ్ల బొడ్రాయిల్లాగే ఉంటుంది. మా ఊరని ఎలా తెలుస్తుంది?

అందుకని చింతచెట్టు దగ్గరికే వచ్చాను. చెరువు కట్ట కింద ఉండేది. పదేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు. ఇప్పుడు ఐదో తరగతి చదివే పిల్లలు ఆ చెట్టును చూడలేదు. లేని చెట్టును గుర్తుగా పెట్టుకోవచ్చా?

రంగులపెట్టె (శనివారం, ఉదయం 8:00)

తప్పకుండా. ఊరి పేరు రోజూ ఆ చెట్టును పిలుస్తూనే ఉంది కదా.

కానీ చెట్టు మొత్తం గీయకండి. చిన్నగా చేస్తే చింతా వేపా మర్రీ ఒకేలా కనిపిస్తాయి. చింత గుర్తు రెమ్మలో ఉంది: ఒక ఈనె, దానికి రెండు వైపులా జతలు జతలుగా చిన్న ఆకులు, చివర వేలాడే ఒక కాయ. కాయ వంపు గట్టిగా గీయండి, పల్లెలో పుట్టినవాడెవడూ పొరబడడు. గీశాక రూపాయి బిళ్ల అంత చేసి చూడండి. అప్పటికీ చింత అని తెలిస్తే నిలుస్తుంది.

వాక్యం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఉత్త ‘పచ్చ’ అని రాయకండి. మనకు పసుపూ పచ్చే, ఆకురంగూ పచ్చే. ఒక పెయింటరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా వేస్తారు. ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ అని విడమరచి రాయండి.

వాడకట్టు (శనివారం, రాత్రి 9:30)

చింతనీడ గారూ, క్షమాపణ అవసరం లేదు. అడిగితే విన్నారు, అది చాలు.

చెరువు అన్నారు కాబట్టి ఒక మాట. మా ముత్తాత నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం ఆయన పని. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయనకు తెలుసు. ఊరంతా తిన్న అన్నం ఆ చేతి మీదుగా పారిన నీళ్లతో పండిందే. ఆ చెరువు ఎవరు తవ్వించారో శాసనం ఉంటుంది, తూము ఎవరు ఎత్తారో ఏ రాయి మీదా ఉండదు. మీ చెరువుకు పాత రాతి తూము ఉందా? రెండు స్తంభాలు, మీద అడ్డరాయి ఉండేది?

చింతనీడ (ఆదివారం, ఉదయం 11:20)

ఉంది. నిన్న రాత్రే తమ్ముడు వెళ్లి ఫోటో పంపాడు. నీళ్లు తగ్గినప్పుడు పూర్తిగా కనిపిస్తుంది. దాని మీద నుంచి దూకి ఈత నేర్చుకున్నాను, దాన్ని గుర్తుగా ఎన్నడూ అనుకోలేదు.

వాక్యం రాశాను, దిద్దండి:

“గుండ్రని ముద్ర. పసుపు నేల. నడుమ నల్లరాతి తూము: నిలువు స్తంభాలు రెండు, అడ్డరాయి ఒకటి. స్తంభాల మధ్య నుంచి పైకి లేచిన ఆకుపచ్చ చింతరెమ్మ, దానికి ఒక కాయ.”

తామ్రశాసనం (ఆదివారం, మధ్యాహ్నం 12:45)

దిద్దడానికి ఏమీ లేదు. పసుపు లోహం, నలుపూ ఆకుపచ్చా వర్ణాలు, నియమం నిలిచింది. కాయ రంగు చెప్పలేదు, అది గీసేవాడికి వదిలేయండి.

చింతనీడ (తర్వాతి గురువారం, రాత్రి 8:50)

ఒక సంగతి చెప్పాలని వచ్చాను. బొమ్మ పంపకుండా ఆ వాక్యం మాత్రమే మా ఊరి బడికి పంపాను. టీచరుగారు బోర్డు మీద రాసి పిల్లల్ని గీయమన్నారట. నలభై ఒక్క బొమ్మలు వచ్చాయి. ఏ రెండూ ఒకేలా లేవు, కానీ అన్నీ మా ఊరివే. ఒక అమ్మాయి తూము కింద నీళ్లు పారుతున్నట్టు గీసింది. వాక్యంలో నీళ్లు లేవని పక్కపిల్లవాడు అంటే, “తూము ఎత్తితే రావా?” అందట.

వీటిలో ఏది తోరణం మీదికి ఎక్కాలో వచ్చే ఆదివారం గ్రామసభలో చేతులెత్తి తేలుస్తారు.

వాడకట్టు (గురువారం, రాత్రి 9:05)

సభ ఎక్కడ పెడుతున్నారు? బొడ్రాయి దగ్గరా, బడిలోనా? బడిలో పెట్టమనండి. అక్కడైతే అందరూ కూర్చోగలరు.

చింతనీడ (గురువారం, రాత్రి 9:20)

ఇప్పుడే ఫోను చేశాను. బడిలోనే. ఆ ఆదివారం మీరు వరంగల్‌లో ఉంటే రండి, తమ్ముడు బస్టాండుకు వస్తాడు.